వదలనివ్వని కరెంటు: ఒక ఇంజనీరు వేసిన ప్రశ్న

అమెరికాలో ఇల్లు కొన్నవారికి స్నానాలగదిలోనూ, వంటింటి సింకు పక్కనా ఒక ప్రత్యేకమైన సాకెట్టు కనిపిస్తుంది. దాని మధ్యలో రెండు చిన్న మీటలుంటాయి. ఒకదానిపై ‘టెస్ట్’ అనీ, రెండవదానిపై ‘రీసెట్’ అనీ రాసి ఉంటుంది. ఎప్పుడైనా హెయిర్‌డ్రయర్ ఆగిపోతే రెండవ మీట నొక్కి మన పనిలో పడిపోతాం. ఈ సాకెట్టు చరిత్రలో సగం విద్యుత్ శాస్త్రం, సగం వైద్యం. వైద్యుడిగా నన్ను ఆకర్షించింది ఆ రెండూ కలిసిన చోటు.

మన ఇళ్ళలో రెండు మాటలు వింటూ పెరిగాం: ‘కరెంటు కొట్టింది’, ‘కరెంటు పట్టుకుంది’. మొదటిది చెప్పడానికి మనిషి మిగిలి ఉంటాడు. రెండవదాన్ని ఎక్కువగా పక్కవాళ్ళే చెబుతారు. ఈ తేడాకు శరీరధర్మశాస్త్రంలో కారణం ఉంది. ఏకాంతర విద్యుత్తు ముంజేతి గుండా ప్రవహించినప్పుడు అక్కడి కండరాలన్నీ బిగుసుకుంటాయి. వేళ్ళను ముడిచే కండరాలు వేళ్ళను చాచే కండరాలకంటే బలమైనవి కనుక పిడికిలి మూసుకుపోతుంది. తీగను మనిషి పట్టుకున్నాడో, తీగే మనిషిని పట్టుకుందో తెలియని స్థితి అది.

బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విద్యుత్ ఇంజనీరింగ్ ఆచార్యుడిగా పనిచేసిన చార్లెస్ డాల్జీల్ (1904–1986) ఈ పిడికిలి దగ్గరే తన పరిశోధన మొదలుపెట్టాడు. ‘ఎన్ని వోల్టులు ప్రమాదకరం?’ అన్నది అందరూ అడిగే ప్రశ్న. ‘ఎంత కరెంటు దాకా మనిషి తన చేతిని తానే విడిపించుకోగలడు?’ అన్నది ఆయన ప్రశ్న. స్వచ్ఛందంగా ముందుకొచ్చిన 134 మంది పురుషుల చేత, 28 మంది స్త్రీల చేత తీగ పట్టించి, కరెంటును కొద్దికొద్దిగా పెంచుతూ, ఏ దశలో వారు చేయి వదలలేకపోతున్నారో కొలిచాడు. 60 హెర్ట్జ్ కరెంటుతో వచ్చిన సగటు పురుషులలో 16 మిల్లీ ఆంపియర్లు, స్త్రీలలో 10.5. అయితే ఆయన సగటుతో తృప్తిపడలేదు. నూటికి 99.5 మంది విడిపించుకోగల పరిమితిని లెక్కగట్టాడు: పురుషులకు 9, స్త్రీలకు 6 మిల్లీ ఆంపియర్లు. పిల్లల మీద ఇలాంటి పరీక్షలు చేయలేం కనుక వారి పరిమితి పురుషులదానిలో సగం ఉండవచ్చునని అంచనా వేశాడు.

ఈ అంకెలను ఇంటి ఫ్యూజు పక్కన పెట్టి చూడాలి. అమెరికా ఇళ్ళలో సాధారణంగా ఉండే బ్రేకరు 15 ఆంపియర్లు దాటితే గాని తెగదు. అది 5 మిల్లీ ఆంపియర్లకు మూడువేల రెట్లు. తడిసిన శరీరపు నిరోధం సుమారు వెయ్యి ఓములు అనుకుంటే, 120 వోల్టుల వద్ద ప్రవహించే కరెంటు 120 మిల్లీ ఆంపియర్లు. గుండె లయ తప్పి, గదులు నెత్తురును తోయలేక ఊరికే అదురుతూ ఉండే ఫిబ్రిలేషన్‌కు అది చాలు. ఇంత జరిగినా బ్రేకరుకు తెలియదు. దాని దృష్టిలో ఆ మనిషి ఒక చిన్న బల్బు. ఫ్యూజులూ బ్రేకర్లూ తీగలు కాలిపోకుండా కాపాడడానికి పుట్టాయి, మనుషులను కాపాడడానికి కాదు.

డాల్జీల్ 1961లో రూపొందించిన పరికరం సూత్రం చిల్లర కొట్టు పద్దంత సులువైనది. వెళ్ళిన కరెంటు వెళ్ళినంతా తిరిగి రావాలి. ఫేజు తీగనూ, న్యూట్రల్ తీగనూ ఒకే అయస్కాంత వలయం గుండా పంపుతారు. రెండింటిలో కరెంటు సమానమైతే వాటి అయస్కాంత ప్రభావాలు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. కొంత కరెంటు ఒక మనిషి గుండా భూమిలోకి పోతే లెక్క తేలదు. ఆ తేడా సుమారు 5 మిల్లీ ఆంపియర్లకు చేరితే ట్రాన్సిస్టరు దాన్ని గుర్తించి సరఫరా ఆపేస్తుంది. ప్రమాదం పెద్దదైతే సెకనులో నలభయ్యో వంతు కాలంలోనే ఆ పని జరిగిపోతుంది. ఇది పనిచేయడానికి ఎర్తు తీగ అక్కరలేదు. మూడో పిన్ను లేని పాత ఇళ్ళకు అదే గొప్ప ఊరట.

ఇలాంటి రక్షణ సాధనాలు ఐరోపాలోనూ, దక్షిణాఫ్రికాలోనూ అప్పటికే ఉన్నాయి. తేడా అభిప్రాయంలో ఉంది. ఐరోపా, దానిని అనుసరించి భారతదేశం, గుండెను దృష్టిలో పెట్టుకుని 30 మిల్లీ ఆంపియర్లను గీతగా గీసుకున్నాయి. అమెరికా చేతిని దృష్టిలో పెట్టుకుని 5 దగ్గర గీసుకుంది. రెండింటికీ తర్కముంది. ప్రతి యంత్రమూ కాస్తో కూస్తో కరెంటును లీకు చేస్తుంది. ఇల్లంతటికీ ఒకే పరికరం పెట్టి 5 దగ్గర తెగమంటే రోజూ చీకటే. అందుకే అమెరికన్లు దాన్ని సాకెట్టులోకి దించారు.

అమెరికా జాతీయ విద్యుత్ నియమావళి ఈ పరికరాన్ని ఒక్కసారిగా రుద్దలేదు. నీళ్ళు ఎక్కడున్నాయో వెతుక్కుంటూ వెళ్ళింది. 1968లో ఈతకొలనుల దీపాలకు, 1973లో ఆరుబయటి సాకెట్లకు, 1975లో స్నానాలగదులకు, 1978లో గరాజులకు, 1987లో వంటింటికి తప్పనిసరి చేసింది.

దాదాపు అదే కాలంలో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో మరొక విద్యుత్ ఇంజనీరు, విలియం కౌవెన్‌హోవెన్, ఇదే సమస్యను అవతలి ఒడ్డునుంచి చూశాడు. విద్యుత్ సంస్థల లైన్‌మెన్ల మరణాలే ఆయన పరిశోధనకు ప్రేరణ. ఛాతీని కోయకుండా గుండెకు షాకిచ్చే డీఫిబ్రిలేటరు, 1960లో జూడ్, నికర్‌బాకర్‌లతో కలిసి ప్రచురించిన ఛాతీ మర్దన పద్ధతి అందులోంచి వచ్చాయి. మా వైద్యులు నేటికీ చేసే సి.పి.ఆర్.కు ఒక ఇంజనీరు తండ్రి. ఆయన ఆగిన గుండెను నడిపించడం నేర్పాడు. డాల్జీల్ గుండె ఆగకుండా చూశాడు. మొదటిదానికి మనుషులు కావాలి, శిక్షణ కావాలి, అన్నిటికీ మించి నిమిషాలు కలిసిరావాలి. రెండవదానికి గోడలో ఒక సాకెట్టు చాలు. నివారణకు కృతజ్ఞత దొరకదు. తప్పిన చావు ఎవరికీ కనబడదు కదా.

వైద్యవిద్యార్థిగా ఉన్న రోజుల్లో అత్యవసర విభాగానికి కరెంటు పట్టుకున్నవారు వచ్చేవారు. బట్టలు ఆరేసే ఇనపతీగ, తడిచేత్తో తాకిన మోటారు స్విచ్చి, బకెట్టులో వేసిన హీటరు రాడ్డు: కారణాలు ఎంతో మామూలువి. చాలామందికి మేం చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. ఇటీవలి సంవత్సరాలలో కూడా భారతదేశంలో విద్యుదాఘాతంతో ఏటా పదివేలమందికి పైగా మరణిస్తున్నట్లు జాతీయ నేర గణాంకాల నివేదికలు చెబుతున్నాయి. అక్కడి వోల్టేజి 230. వెయ్యి ఓముల లెక్కన శరీరంలో ప్రవహించేది 230 మిల్లీ ఆంపియర్లు.

ఆర్.సి.సి.బి. పేరుతో ఈ పరికరం మన ఊళ్ళలోనూ దొరుకుతుంది. ‘ఊరికే పడిపోతోంది సార్’ అని ఎలక్ట్రీషియన్ దాన్ని తప్పించి నేరుగా కలపడం మాత్రం మనకు అలవాటే. అది ఊరికే పడిపోదు. ఎక్కడో గీజరు లీకవుతోందనో, న్యూట్రలూ ఎర్తూ కలిసిపోయాయనో చెబుతోంది. జ్వరం వస్తోందని థర్మామీటరు పారేసే పని అది.

ఒక పరిమితి కూడా చెప్పాలి. ఫేజునూ న్యూట్రల్‌నూ ఒకేసారి రెండు చేతులతో తాకితే లెక్క సరిగ్గానే తేలుతుంది. పరికరం మౌనంగా ఉంటుంది. పైగా కాలక్రమంలో లోపలి భాగాలు పాడైనా సాకెట్టు కరెంటు ఇస్తూనే ఉండవచ్చు. ‘టెస్ట్’ మీట ఉన్నది అందుకే. నెలకొకసారి నొక్కాలి, నొక్కినప్పుడు తెగాలి. తెగకపోతే మార్చాలి.

మనలో చాలామందిమి ఏడాదికో రెండేళ్ళకో ఇంటికి వెళుతూ అమ్మానాన్నల కోసం బి.పి. యంత్రమూ, విటమిన్ మాత్రలూ పెట్టెలో సర్దుకుంటాం. ఈసారి వెళ్ళినప్పుడు మీటరు పెట్టె తెరిచి, అందులో టెస్ట్ మీట ఉన్న పరికరం ఉందో లేదో చూసి, ఉంటే ఒకసారి నొక్కి చూడండి. లేకపోతే ఊళ్ళోని మంచి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. ఇది ఒక వైద్యుడి సలహాయే గాని, అసలు చీటీ రాసింది బర్క్‌లీలోని ఒక ఇంజనీరు.