ఏరోజెల్

ఏరోజెల్ అంటే తడి జెల్‌లోని ద్రవాన్ని తీసేసి, లోపలి చట్రం కుంగకుండా ఆ చోటును గాలితో నింపిన ఘనపదార్థం. శామ్యూల్ కిస్ట్లర్ 1931లో దీన్ని ప్రకటించాడు. సిలికా ఏరోజెల్‌లో గాలి 90 శాతం పైగా ఉంటుంది. రంధ్రాలు ఎక్కువగా 2–50 నానోమీటర్లే కాబట్టి వేడి సులభంగా దాటదు. ఈ గుణానికి రసాయనం కన్నా ఆరబెట్టే తీరే మూలమనాలి: అదే జెల్‌ను మామూలుగా ఆరబెడితే తలతన్యత లాగుడుకు ముడుచుకుపోతుంది. అందుకే తలతన్యత లేని స్థితికి చేరేలా 31 డిగ్రీల సెల్సియస్, 74 బార్ల పీడనం దాటించిన కార్బన్ డయాక్సైడ్‌తో ద్రవాన్ని తొలగిస్తారు. ఇది ఖరీదైన పద్ధతి అన్న ఆక్షేపణ సబబే. అయితే రంధ్రాల గోడలను నీటిని వికర్షించేలా మారిస్తే సాధారణ పీడనంలోనూ ఆరబెట్టవచ్చు. ఏరోజెల్ పెళుసుగా ఉంటుంది; దానికి విరుగుడు నారను కలపడం. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ సిలికా ఏరోజెల్‌తో వంగే ఉష్ణనిరోధక షీట్లను రూపొందించింది. కలపగుజ్జులోని సెల్యులోజ్‌ కూడా ఏరోజెల్‌కు ముడిసరుకే.