పురావస్తు సంపద: నమోదు, చట్టరక్షణ

అప్పు ఇచ్చిపుచ్చుకొనేటప్పుడు గడువుతో సహా వ్రాసి పెట్టుకోవలసిందని ఖుర్ఆన్ ఆదేశించింది. హక్కు నిలవాలంటే దానికి ఆధారం ఉండాలన్నది ఇందలి భావం. పూర్వులు మనకు అప్పగించి పోయిన కట్టడాలకూ, శాసనాలకూ ఈ న్యాయమే వర్తిస్తుంది. జాబితాకు ఎక్కని రాతిని ఏ పురావస్తు చట్టమూ కాపాడజాలదు.

హైదరాబాదు సంస్థాన చరిత్ర ఇందుకు నిదర్శనం. అక్కడ 1914లో పురావస్తు శాఖ ఏర్పడింది. దానికి డైరెక్టరైన గులాం యజ్దానీ 1943 వరకు ఆ పదవిలో ఉన్నారు. సంస్థానపు ప్రాచీన కట్టడాల పరిరక్షణ చట్టం 1337 ఫసలీలో, అనగా 1927-28లో గాని రాలేదు. చట్టం కంటె ముందే నమోదు ఆరంభమైందన్నది గమనార్హం. అరబ్బీ, పారశీక శాసనాలను ప్రకటించే ‘ఎపిగ్రాఫియా ఇండో-మొస్లెమికా’కు యజ్దానీ చాలాకాలం సంపాదకులు. మసీదు గోడమీది శాసనంపై చూపిన శ్రద్ధనే ఆయన అజంతా బౌద్ధ చిత్రాలపైనా చూపి, వాటిని గ్రంథస్థం చేశారు. చరిత్ర సాక్ష్యానికి మతభేదం లేదు.

సంగారెడ్డి సమీపాన ఉన్న కొండాపూర్ దిబ్బను ఆ శాఖ 1940 దశకం ఆరంభంలో త్రవ్వించింది. శాతవాహనుల నాణేలు, మట్టిబొమ్మలు, పూసలు బయటపడ్డాయి. ఆ స్థలం నేడు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. అక్కడ మ్యూజియం కూడా కలదు.

స్వాతంత్ర్యానంతరం 1958లో కేంద్ర చట్టం, 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం, 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చాయి. కేంద్ర చట్టం ప్రకారం ముందుగా ప్రకటన వెలువరించి, అభ్యంతరాలకు రెండు నెలల గడువిచ్చి, తర్వాతనే కట్టడాన్ని రక్షిత జాబితాలో చేర్చాలి. 2010 సవరణ అటువంటి కట్టడం చుట్టూ 100 మీటర్ల వరకు నిర్మాణాలను నిషేధించి, ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి చేసింది. జాబితాలో లేని కట్టడానికి ఈ హద్దులేవీ లేవు.

ముస్లిం కట్టడాల విషయంలో వక్ఫు సర్వే మరొక నమోదు. 1954, 1995 చట్టాల క్రింద సర్వే కమిషనర్లు చేసిన ఈ పని 2025 సవరణతో కలెక్టర్లకు సంక్రమించింది. అయితే ఆ రిజిస్టరు ఉద్దేశం ఆస్తిని గుర్తించడం. గుమ్మంపై శాసనాన్ని చదివి, కాలనిర్ణయం చేయడం దాని పని కాదు. ఒక రిజిస్టరు మరొకదానికి బదులు కానేరదు.

సంగారెడ్డి జిల్లాలోని కొల్లూరు వంటి గ్రామాలలో ఈ ప్రశ్నకు తొందర ఎక్కువ. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు ఆ ఊరి మీదుగానే సాగింది. 2023 జూన్‌లో అక్కడ 15,660 ఇండ్ల ప్రభుత్వ కాలనీ ప్రారంభమైంది. ఇండ్లు అవసరమే, రోడ్లూ అవసరమే. కాని పునాది త్రవ్వే యంత్రం పాత సమాధిరాతినీ, మామూలు బండనూ వేరుచేసి చూడదు. కనుక భూమి చేతులు మారక ముందే ఊరిలోని పాత మసీదు, గుడి, బావి, సమాధి, వీరగల్లు ఏది ఉన్నా, సర్వే నంబరుతో, ఛాయాచిత్రంతో, శాసనపు నకలుతో నమోదు కావాలి. ఇందుకు పెద్ద నిధులు అక్కరలేదు. గ్రామ పెద్దలు, మసీదు కమిటీ, పాఠశాల ఉపాధ్యాయుడు కలిస్తే తొలి జాబితా సిద్ధమవుతుంది. ఆ కాగితం చేతిలో ఉన్ననాడే చట్టాన్ని ఆశ్రయించడానికి ఆధారం ఉంటుంది.