మంచు కొండ నుంచి మునిసిపాలిటీ దాకా

తెలుగు నేల మీద మంచు అంటే సంక్రాంతికి ముందు తెల్లవారుజామున కమ్ముకునే పొగమంచే. మంచు ఒక పరిశ్రమ అనీ, దాని చుట్టూ ఊళ్ళు పుడతాయనీ, వాటికి పురపాలక సంఘాలు ఏర్పడతాయనీ మనకు వెంటనే తోచదు. కెనడా పశ్చిమాన ఉన్న బ్రిటిష్ కొలంబియాలో 1970ల నుంచి జరిగింది సరిగ్గా ఇదే. ఆ చరిత్రను నాన్సీ గ్రీన్ అనే స్కీయింగ్ క్రీడాకారిణి జీవితం వెంట నడిస్తే సులువుగా అర్థం చేసుకోవచ్చు.

ఆమె 1943లో ఒట్టావాలో జన్మించారు. పెరిగింది రాస్‌లాండ్ అనే గనుల పట్టణంలో. 1967లో ప్రపంచ కప్ పోటీలు మొదలైతే, మొదటి రెండేళ్ళూ మహిళల విజేత ఆమే. 1968 గ్రెనోబుల్ ఒలింపిక్స్‌కు నెల ముందు చీలమండ దెబ్బతింది. అయినా జెయింట్ స్లాలమ్‌లో 2.64 సెకన్ల తేడాతో స్వర్ణం గెలిచారు. సెకనులో వందో వంతు తేడాతో పతకాలు చేతులు మారే ఆటలో ఇది చాలా పెద్ద దూరం. స్లాలమ్‌లో రజతం కూడా వచ్చింది. ఆ ఏడాదే, ఇరవై నాలుగేళ్ళ వయసులో, పోటీల నుంచి తప్పుకున్నారు.

ఆ రోజుల్లో ఒలింపిక్ క్రీడాకారులు ఆట పేరుతో సంపాదించకూడదు. తప్పుకున్నాకే ప్రకటనల దారి తెరుచుకునేది. మార్స్ చాక్లెట్ ప్రకటనల్లో ఆమె ముఖం కెనడాలో ఇంటింటికీ తెలిసింది. 1968లోనే క్రీడలపై ఫెడరల్ ప్రభుత్వం వేసిన ముగ్గురు సభ్యుల సంఘంలో ఆమె ఒకరు. 1969లో జట్టు నిర్వాహకుడు ఆల్ రెయిన్‌ను పెళ్ళాడారు.

ఇక్కడి నుంచి కథ భూమి మీదికి మళ్ళుతుంది. బ్రిటిష్ కొలంబియాలో అత్యధిక భూమి ప్రభుత్వానిదే. 1970లలో ఆల్ రెయిన్ ఆ ప్రభుత్వంలో స్కీయింగ్ అభివృద్ధి బాధ్యతలు చేపట్టారు. అప్పుడు రూపుదిద్దుకున్న విధానం సారాంశం ఇది: కొండ మీద లిఫ్టులకు ఎంత పెట్టుబడి పెడితే, దాని సామర్థ్యానికి తగినంత భూమిని కొండ పాదం దగ్గర కొనుక్కునే హక్కు వస్తుంది. లిఫ్టు టికెట్ల కంటే ప్లాట్లలోనే అసలు రాబడి. మన హైదరాబాదు చుట్టుపక్కల స్థలాల బేరాలు చూసినవారికి ఈ లెక్క విడమరచి చెప్పనక్కరలేదు. విస్లర్ ఈ పద్ధతికి పెద్ద నమూనా. 1975లో ప్రత్యేక చట్టంతో దానికి పురపాలక హోదా వచ్చింది. ఆ దంపతులు అక్కడ హోటల్ కట్టారు.

1990లలో వారు సన్ పీక్స్‌కు మారారు. అంతకు ముందు టాడ్ మౌంటెన్‌గా పేరున్న ఆ కొండను 1992లో నిప్పాన్ కేబుల్ అనే జపాన్ సంస్థ కొన్నది. నాన్సీ అక్కడ స్కీయింగ్ డైరెక్టరు. భర్తతో కలిసి కాహిల్టీ లాడ్జి నడిపారు. అయితే ఆ కొండలు సెక్వెపెమ్క్ ఆదివాసులకు స్క్వెల్క్వెక్వెల్ట్. వేట, మూలికలు, పండ్ల సేకరణ అన్నీ అక్కడే. ఆ భూమిని తామెన్నడూ ఒప్పందం రాసి ఇవ్వలేదన్నది వారి వాదన. ఆదివాసుల భూమి హక్కు చట్టబద్ధమేనని 1997లో కెనడా సుప్రీం కోర్టు తేల్చింది. విస్తరణను ఎదిరిస్తూ 2000 తర్వాత వారు శిబిరాలు వేశారు, అరెస్టయ్యారు. ఆర్థర్ మాన్యుయెల్ వారి ప్రముఖ గొంతు.

2010లో సన్ పీక్స్ పురపాలక సంఘమైంది. అప్పటికి స్థిర నివాసులు కొన్ని వందల మందే. తొలి మేయరు ఆల్ రెయిన్. హోటలూ, రిసార్టు ప్రచారమూ, మేయరు పదవీ ఒకే ఇంట్లో చేరాయి. అంత చిన్న ఊళ్ళో అది సహజమే కావచ్చు. కానీ కొండ ఎవరిదన్న ప్రశ్నకు మాత్రం ఆ మేయరు ఎన్నికలో చోటు లేదు.

నాన్సీ 2009లో కన్సర్వేటివ్ పక్షాన సెనేట్‌లో అడుగుపెట్టారు. అది ఎన్నికతో వచ్చే పదవి కాదు, ప్రధాని సిఫారసుతో జరిగే నియామకం. 2016లో ఆమె అక్కడ ప్రవేశపెట్టిన బిల్లు, పిల్లలను ఆకర్షించే అనారోగ్యకర ఆహార ప్రకటనలను అడ్డుకునేందుకు ఉద్దేశించింది. ఒకప్పుడు చాక్లెట్ ప్రకటనల్లో కనిపించిన ముఖం ఆమెదే. ఆహార సంస్థలు గట్టిగా వ్యతిరేకించాయి. డెబ్బై అయిదేళ్ళు నిండి 2018లో ఆమె పదవీ విరమణ చేశారు. ఉభయ సభల్లో చర్చకు వచ్చినా తుది ఆమోదం దొరకని ఆ బిల్లు 2019లో పార్లమెంటు గడువుతో పాటే ముగిసిపోయింది.