కేసు కొట్టేశాక మిగిలే కాగితం: నేర రికార్డు తొలగింపుపై ఒక పరిశీలన

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగానికి ఎంపికైన అభ్యర్థి నింపాల్సిన కాగితాల్లో అటెస్టేషన్ ఫారం ఒకటి. తండ్రి పేరు, పుట్టిన ఊరు, ఇటీవల నివాసమున్న చిరునామాలు రాసుకుంటూ పోతే ఒకచోట ప్రశ్నలు గుంపుగా ఎదురవుతాయి. ఎప్పుడైనా అరెస్టయ్యారా? మీమీద ప్రాసిక్యూషన్ నడిచిందా? బైండోవర్ చేశారా? కోర్టు జరిమానా వేసిందా? శిక్ష పడిందా? వీటికి కాలపరిమితి లేదు. కాలేజీ రోజుల్లో ధర్నాకు వెళ్లినప్పుడు పెట్టిన కేసు, పొలం గట్టు తగాదాలో అన్నదమ్ములందరినీ ఏ-1 నుంచి ఏ-6 దాకా వరసగా ఇరికించిన కేసు, లోక్ అదాలత్‌లో రాజీపడి కొట్టేయించుకున్న కేసు, అన్నీ ఇక్కడికి రావాల్సిందే. దాచిపెడితే అనర్హులవుతారన్న హెచ్చరిక ఫారం మొదట్లోనే ఉంటుంది.

పాత నేర రికార్డును చెరిపేయడానికో, సీలు వేసి పక్కన పెట్టడానికో అమెరికా రాష్ట్రాల్లో చట్టాలున్నాయి. పెన్సిల్వేనియా 2018లో ఇంకో అడుగు ముందుకేసి, అర్హమైన రికార్డులకు దరఖాస్తుతో పనిలేకుండా సీలు పడే ఏర్పాటు చేసింది. బ్రిటన్‌లో 1974 నాటి చట్టం ప్రకారం నిర్ణీత కాలం గడిచిన శిక్ష చెల్లిపోయినట్టే లెక్క. చాలా ఉద్యోగాలకు దాని ఊసెత్తనక్కర్లేదు. వయోజనులందరికీ వర్తించే అలాంటి చట్టం మన దేశంలో లేదు. అంతమాత్రాన మన చట్టాలకు మరపు తెలియదనుకుంటే పొరపాటు. ఆ మరపు ఎవరికి దక్కుతోంది, ఎవరికి దక్కడం లేదన్నదే ఈ వ్యాసం పరిశీలించే విషయం.

1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 8వ సెక్షన్ చూడండి. రెండేళ్లు, ఆపైన జైలుశిక్ష పడినవారు శిక్షాకాలంలోనూ, విడుదలయ్యాక మరో ఆరేళ్లూ పోటీకి అనర్హులు. ఆ గడువు దాటితే పాత శిక్షను అఫిడవిట్‌లో రాయాల్సి వచ్చినా, పోటీకి అది అడ్డు రాదు. 1967 నాటి పాస్‌పోర్టు చట్టమూ అంతే. నైతిక పతనంతో కూడిన నేరానికి రెండేళ్లకు తగ్గని శిక్ష పడి ఉంటే పాస్‌పోర్టు నిరాకరించవచ్చు గానీ, దరఖాస్తుకు ముందు ఐదేళ్ల లోపు పడిన శిక్షకే అది వర్తిస్తుంది. ఎమ్మెల్యేకు ఆరేళ్లు, విదేశాలకు వెళ్లేవాడికి ఐదేళ్లు. కానిస్టేబుల్ ఉద్యోగానికి పరుగు పందెం నెగ్గి, రాతపరీక్ష గట్టెక్కిన కుర్రాడి పూర్వాపరాల విచారణకు మాత్రం అలాంటి గీత ఏదీ లేదు. శిక్ష పడకపోయినా సరే.

ఈ విషయంలో సుప్రీంకోర్టు ఒకే దారిన నడవలేదు. 2011లో ఢిల్లీ పోలీసు ఉద్యోగానికి సంబంధించిన ఒక తీర్పులో జస్టిస్ మార్కండేయ కట్జూ, రొట్టె దొంగిలించినందుకు జీవితాంతం దొంగ ముద్ర మోసిన జాన్ వల్జాన్ కథను గుర్తుచేసి, కుర్రతనపు తప్పులను క్షమించాలన్నారు. నాగయ్య నటించిన ‘బీదలపాట్లు’ ద్వారా తెలుగువాళ్లకు ఎప్పటినుంచో తెలిసిన కథే. రెండేళ్లు దాటాక, 2013లో మరో ధర్మాసనం వేరే పక్కకు మొగ్గింది. రాజీ వల్ల కేసు పోయినా, సాక్షులు ఎదురు తిరగడం వల్ల పోయినా దాన్ని గౌరవప్రదమైన విడుదలగా చూడనక్కర్లేదని, అభ్యర్థిని వద్దనే హక్కు పోలీసు శాఖకు ఉందని చెప్పింది. 2016లో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తులు ఈ రెండింటికీ మధ్య దారి వెతికారు. చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి అల్ప విషయాన్ని దాచినా యజమాని చూసీచూడనట్టు పోవచ్చన్నారు. ముగిసిపోయిన కేసును నిజాయతీగా చెప్పినవారిని సైతం ఉద్యోగంలోకి తీసుకోవాలన్న నిర్బంధం లేదనీ అన్నారు. దాంతో నిర్ణయం మళ్లీ ఆఫీసర్ బల్లమీదికే చేరింది. లోక్ అదాలత్‌లో రాజీపడితే కేసు పోతుందని ఊళ్లో పెద్దమనుషులు నచ్చజెబుతారు. చట్టం దృష్టిలో అది నిజమే, రాజీకి వీలున్న నేరంలో రాజీ కుదిరితే నిర్దోషిగా విడుదలైనట్టే. పూర్వాపరాల విచారణలో ఆ విడుదల విలువ పడిపోతుందని మాత్రం ఆ రోజు అక్కడ ఎవరూ చెప్పరు.

రికార్డును నాశనం చేయమని సూటిగా చెప్పే ఏర్పాటు పిల్లల చట్టంలో ఉంది. 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం బాల్యంలో చేసిన నేరం తర్వాతి జీవితంలో ఏ అనర్హతా తేకూడదు. అప్పీలు గడువో, నిబంధనల్లోని గడువో దాటాక రికార్డును నాశనం చేయాలని బోర్డు పోలీసులను ఆదేశించాలి. 2016 నమూనా నిబంధనలు ఏడేళ్లకు మించి ఉంచొద్దంటున్నాయి. పదహారేళ్లు దాటి, ఘోర నేరంలో పెద్దవాడిగా విచారణ ఎదుర్కొని దోషిగా తేలినవారికి ఇది వర్తించదు. 1958 నాటి ప్రొబేషన్ చట్టం 12వ సెక్షన్ పైకి దీనికి తోబుట్టువులా కనిపిస్తుంది. మంచి నడవడి హామీపై వదిలినవారికి శిక్ష తాలూకు అనర్హత అంటదంటుంది. కానీ అనర్హత పోయినంత మాత్రాన దోషి అన్న నిర్ధారణ చెరిగిపోదని, ఉద్యోగిపై శాఖాపరమైన చర్య తీసుకోవచ్చని 1990లో సుప్రీంకోర్టు తేల్చేసింది.

కోర్టు కాగితాల కథ ఇంతవరకే. తెలుగు నేలమీద అసలు బరువు పోలీస్ స్టేషన్ బీరువాలో ఉంది. రౌడీషీట్ తెరవడానికి శిక్ష పడనక్కర్లేదు. శాంతిభద్రతలకు భంగం కలిగించే నేరాలకు అలవాటు పడ్డాడని పోలీసులు భావిస్తే, స్టాండింగ్ ఆర్డర్ల కింద డీఎస్పీ లేదా ఏసీపీ స్థాయి అధికారి ఉత్తర్వు చాలు. తెరిచేముందు ఆ మనిషికి నోటీసు ఉండదు. పేరెక్కినట్టు తెలిసేది బీట్ కానిస్టేబుల్ ఇంటికొచ్చినప్పుడో, వినాయక చవితికో ఎన్నికలకో ముందు ‘కౌన్సెలింగ్’ అంటూ స్టేషన్‌కు పిలిచి వరసలో నిలబెట్టినప్పుడో. షీట్‌ను కొనసాగించాలా మూసేయాలా అని ఏడాది చివర పైఅధికారి తేల్చాలన్నది నిబంధన. ఆధారమైన కేసులన్నీ కోర్టులో వీగిపోయినా షీట్ దానంతటది మూతపడదు. ఎత్తేయమని అర్జీ పెట్టుకోవాలి, వినకపోతే హైకోర్టులో రిట్ వేయాలి. ఒకటి రెండు కేసులున్నంత మాత్రాన అలవాటు పడ్డ నేరస్థుడనలేమంటూ హైకోర్టు ఎన్నో షీట్లను కొట్టేసింది. ఆ తీర్పులు హైకోర్టు గడప ఎక్కగలిగినవాళ్లకు దక్కినవి. మిగతావాళ్లు రెండు వర్గాల మధ్య చిన్న గొడవ జరిగినా పత్రికలో ‘రౌడీషీటర్’ అన్న విశేషణంతోనే కనిపిస్తారు.

ఈ నిఘా రిజిస్టర్లపై దేశానికి దిక్సూచిలాంటి రెండు అభిప్రాయాలు తెలుగు న్యాయమూర్తులవే కావడం విశేషం. 1962 డిసెంబరులో ఖరక్ సింగ్ కేసులో మెజారిటీ న్యాయమూర్తులు రాత్రివేళ ఇళ్లకొచ్చి తలుపు తట్టడాన్ని మాత్రమే కొట్టేసి, మిగతా నిఘాను ఉండనిచ్చారు. ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన కోకా సుబ్బారావు వారితో విభేదించారు. నీడలా వెంటాడే నిఘా కింద బతికే మనిషిది స్వేచ్ఛ అనిపించుకోదన్నది ఆయన తర్కం. 2017లో గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించిన పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ దారికే వచ్చింది. మధ్యలో 1980లో మలక్ సింగ్ కేసు తీర్పు రాసింది ఓ. చిన్నపరెడ్డి. నిఘా రిజిస్టర్‌లో పేరెక్కించే ముందు ఆ మనిషి వాదన విననక్కర్లేదన్నారు, అది రహస్య పత్రం కనుక. సహేతుకమైన కారణం ఉండాలని, నిఘా హద్దు మీరకూడదని కూడా హెచ్చరించారు. పౌరహక్కుల పక్షాన నిలిచిన న్యాయమూర్తిగా పేరున్న ఆయన నోటీసు అవసరాన్ని కొట్టిపారేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం. రహస్యంగా ఉంచే కాగితమైతే దాన్ని ప్రశ్నించే అవకాశం ఇంకా ఎక్కువ అవసరం కదా. పైగా షీట్ పేరు పత్రికల్లో రోజూ నలుగుతుంటే అందులో రహస్యం ఏం మిగిలింది?

2022 జులైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం మూలాన్నే ప్రశ్నించింది. గోప్యత ప్రాథమిక హక్కయ్యాక దాన్ని హరించడానికి చట్టం ఉండాలని, పోలీస్ స్టాండింగ్ ఆర్డర్లు చట్టం కావని చెప్పింది. అయినా ‘రౌడీషీట్ తెరుస్తాం’ అన్న పోలీసు హెచ్చరికలు ఆగలేదు. 2024 మేలో ఢిల్లీ హిస్టరీ షీట్ల కేసులో సుప్రీంకోర్టు మరో కోణం తీసింది. వెనుకబడిన వర్గాల వాళ్ల పేర్లు యాంత్రికంగా ఈ షీట్లకెక్కుతున్నాయన్న ఆందోళనను ప్రస్తావించి, రాష్ట్రాలన్నీ తమ విధానాన్ని సరిచూసుకోవాలంది. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం చరిత్ర తెలిసినవారికి ఇందులో వింతేమీ ఉండదు. నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను సెటిల్‌మెంట్‌లో పెట్టి హాజరు వేయించిన చోటు అది. 1871లో మొదలైన ఆ చట్టం 1952లో రద్దయింది. హాజరు వేయించే అలవాటు మాత్రం పేరు మార్చుకుని నిలిచింది.

ఇప్పుడు స్టేషన్ బీరువాకు ఇంటర్నెట్ తోడైంది. భారతీయ మూలాలున్న ఒక అమెరికా పౌరుడిపై మాదకద్రవ్యాల కేసు పెట్టారు. కింది కోర్టు, హైకోర్టు రెండూ నిర్దోషి అన్నాయి. అయినా పేరు వెతికితే తీర్పు పైకి తేలుతూ ఉద్యోగాలకు అడ్డుపడుతోందని ఆయన మొరపెట్టుకోగా, 2021లో ఢిల్లీ హైకోర్టు ఆ తీర్పును సెర్చ్ ఇంజిన్లకు దొరకకుండా చేయమని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. తమాషా ఏమిటంటే, మరిచిపోమని అడిగిన ఆయన పేరే ఆ కేసుకు పేరై న్యాయ విద్యార్థులందరి నోళ్లలో నానుతోంది. ఇక్కడ రాయకపోవడం అందుకే. మద్రాసులో ఇలాంటి అభ్యర్థననే 2021లో ఏకసభ్య ధర్మాసనం తోసిపుచ్చితే, 2024 ఫిబ్రవరిలో ద్విసభ్య ధర్మాసనం ఒప్పుకుంది. అదే ఏడాది జులైలో సుప్రీంకోర్టు దానిపై స్టే ఇచ్చింది. తీర్పులు బహిరంగ పత్రాలన్న సూత్రం చిన్నదేమీ కాదు. కానీ తీర్పు అందరికీ అందుబాటులో ఉండటానికీ, మనిషి పేరు కొడితే అదే మొదట ఎదురుకావడానికీ చాలా తేడా ఉంది.

చెరిపివేత చట్టాలున్న దేశంలోనూ అది అన్ని గడపలూ దాటదని అమెరికాలోని తెలుగు విద్యార్థులకు ఎవరైనా చెప్పాలి. దుకాణంలో చిన్న దొంగతనం కేసులో నేరం ఒప్పుకుని, షరతులు పూర్తిచేస్తే రాష్ట్ర కోర్టు ఆ కేసును చెరిపేయవచ్చు. 1996లో మార్చిన వలస చట్టం ప్రకారం, నేరం ఒప్పుకుని ఏదో ఒక ఆంక్షకు లోబడితే వీసా అధికారుల లెక్కలో అది శిక్షే. వీసా దరఖాస్తు కూడా క్షమాభిక్ష దొరికినా సరే, అరెస్టు సంగతి చెప్పమనే అడుగుతుంది.

మన దేశంలో 2022 నాటి క్రిమినల్ ప్రొసీజర్ గుర్తింపు చట్టం వేలిముద్రలు, ఫొటోలు, కనుపాప వివరాల వంటివాటిని 75 ఏళ్లు దాచిపెట్టమంటుంది. అంతకుముందు శిక్ష పడనివారు విచారణ లేకుండా విడుదలైనా, అప్పీళ్లన్నీ ముగిశాక నిర్దోషిగా తేలినా మేజిస్ట్రేటు వేరేగా ఆదేశిస్తే తప్ప వాటిని నాశనం చేయాలి. మంచి నిబంధనే. కానీ అమలు నియమాల్లో దారి వేరుగా ఉంది: నాశనం చేయమన్న విన్నపం నోడల్ అధికారికి వెళ్లాలి, ఆయన సరిచూసి సిఫారసు చేయాలి. కేసు కొట్టేశారని తెలిసి ఊపిరి పీల్చుకుని ఊరెళ్లిపోయిన కూలీకి నోడల్ అధికారి ఎవరో ఎలా తెలుస్తుంది? జువైనల్ బోర్డు రాయాల్సిన ఆదేశాన్నే విడుదల తీర్పు చివరి పేరాలో మేజిస్ట్రేటు రాసి, ప్రతులను స్టేషన్‌కూ జిల్లా నేర రికార్డుల విభాగానికీ పంపితే అర్జీతో పనే ఉండదు. ఆ కేసు ఆధారంగా తెరిచిన షీట్ ఉంటే దాన్ని సమీక్షించి, ఫలితం ఆ మనిషికి రాతపూర్వకంగా తెలపాలని అదే పేరాలో చేర్చవచ్చు. పిల్లలపై లైంగిక నేరాలకు శిక్ష పడినవారిని బడి ఉద్యోగాల్లో చేర్చుకోవాలా లాంటి గట్టి ప్రశ్నలు దీంతో తెగవు, వాటికి వేరే చట్టం, వేరే గడువులు కావాలి. ఇక్కడ అడుగుతున్నది ఏ శిక్షా పడనివాళ్ల కాగితాల గురించి.