అంతర్జాలంలో చదరంగం: వేగం, బలం, లోపం

ప్రత్యర్థికి ఎదురుగా కూర్చోకుండా చదరంగం ఆడే అలవాటు ఉత్తరాల కాలం నుంచే ఉన్నప్పటికీ, ఉత్తరాల మీద ఆడేవారికి ఒక్కో ఎత్తు ఆలోచించుకోవడానికి రోజుల వ్యవధి దొరికేది. వందల మైళ్ల దూరాన్ని, నిమిషాల్లో ముగిసే ఆటను ఒకచోట కలిపింది 1992 జనవరిలో మొదలైన ఇంటర్నెట్ చెస్ సర్వర్. మైకేల్ మూర్, రిచర్డ్ నాష్‌లు రూపొందించిన ఈ సర్వర్, అంటే ఎక్కడెక్కడి ఆటగాళ్ల యంత్రాలనో కలిపి ఆటను నడిపించే కేంద్ర కంప్యూటర్, తొలినాళ్లలో తెరమీద బొమ్మలేవీ చూపలేదు. బల్ల అంతా గీతలు, ఇంగ్లీషు అక్షరాలే. ఏ పావు ఎక్కడుందో ఆ అక్షరాలను బట్టి పోల్చుకుని, రాజు ముందరి బంటును రెండు గళ్లు నడపాలంటే ఆ గళ్ల పేర్లను కీబోర్డు మీద కొట్టి పంపాలి. అలా కొట్టిన అక్షరాలు తీగల మీదుగా కేంద్ర కంప్యూటరును చేరేలోపు పంపినవాడి గడియారం తిరుగుతూనే ఉండేది కనుక, పావుల బలంలో స్పష్టంగా గెలుస్తున్నవాడు కూడా కేవలం తన ఊరి కనెక్షను నెమ్మదిగా ఉన్నందువల్ల సమయం చాలక ఓడిపోయేవాడు.

ఈ అన్యాయాన్ని సరిచేసిన వ్యక్తి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్రం బోధించే డేనియల్ స్లీటర్. ఆటగాడి యంత్రంలోనే ఒక చిన్న ప్రోగ్రాము కూర్చుని, ఎదుటివాడి ఎత్తు తెరమీద కనిపించిన క్షణం నుంచి తన ఎత్తు పంపే క్షణం దాకా ఎంతసేపు పట్టిందో కొలిచి ఆ లెక్కను కేంద్రానికి చెప్పే ఏర్పాటు ఆయన చేశాడు; దానితో ఆలోచనకు పట్టిన సమయం వేరు, ప్రయాణానికి పట్టిన సమయం వేరు అయ్యాయి. చిన్నదిగా కనిపించే ఈ సవరణే లేకపోతే ఒక్కొక్కరికి ఒక్క నిమిషం మాత్రమే ఉండే బుల్లెట్ ఆట ఖండాల మధ్య సాధ్యమయ్యేదే కాదు. 1995 మార్చిలో స్లీటర్ ఆ సర్వరును ఇంటర్నెట్ చెస్ క్లబ్ పేరుతో ఏడాదికి 49 డాలర్ల చందా వసూలు చేసే సంస్థగా మార్చినప్పుడు, అంతవరకూ ఉచితంగా శ్రమించిన ప్రోగ్రామర్లలో కొందరు అభ్యంతరం చెప్పి, అదే నెలలో ఫ్రీ ఇంటర్నెట్ చెస్ సర్వర్ అనే ఉచిత వేదికను నిలబెట్టారు. చందా వేదిక, ఉచిత వేదిక అనే ఈ చీలిక నేటికీ కొనసాగుతున్నది. 2007లో వచ్చిన చెస్‌డాట్‌కామ్ ఒక పాయకు, ఫ్రెంచి ప్రోగ్రామర్ తిబో డుప్లెసిస్ 2010లో ప్రారంభించిన లీచెస్ మరొక పాయకు వారసులు.

వేగం మాత్రం అంతర్జాలం తెచ్చినది కాదు. 1861లో ఆండర్సెన్, కొలిష్ అనే మేటి ఆటగాళ్ల మధ్య జరిగిన పోటీలో ఇసుక గడియారాలు వాడారు, 1883లో లండన్ టోర్నమెంటుకు జంట యాంత్రిక గడియారాలు వచ్చాయి, ఆ తరువాత న్యూయార్క్ క్లబ్బుల్లో గంట మోగినప్పుడల్లా, అంటే పది సెకన్లకొకసారి, ఎత్తు వేయవలసిన ఆట బాగా వాడుకలో ఉండేది. 1970లో యుగోస్లావియాలోని హెర్సెగ్ నోవిలో అయిదు నిమిషాల ఆటల పోటీ జరిగినప్పుడు బాబీ ఫిషర్ 22 ఆటల్లో 19 పాయింట్లు సాధించి, రెండో స్థానంలో నిలిచిన మిఖాయిల్ తాల్ కంటే నాలుగున్నర పాయింట్లు ముందున్నాడు. అక్కడ ఓడినవారిలో ప్రపంచ చాంపియన్లు ఉన్నారన్నది గమనిస్తే, వేగపు ఆటను కాలక్షేపంగా కొట్టిపారేయడం ఎంత పొరపాటో అర్థమవుతుంది.

అంత వేగంగా అంత సరిగ్గా ఆడగలగడం ఎలా సాధ్యమన్న ప్రశ్నకు జవాబు చదరంగపు పుస్తకాల్లో కంటే మనస్తత్వశాస్త్రంలో ముందుగా దొరికింది. డచ్చి పరిశోధకుడు, స్వయంగా మంచి ఆటగాడు అయిన అడ్రియాన్ డి గ్రూట్ 1946లో ప్రచురించిన గ్రంథంలో, మేటి ఆటగాళ్లు సామాన్యుల కంటే మరీ ఎక్కువ ఎత్తులు ముందుకు లెక్కించడం లేదనీ, బల్లను చూసిన తొలి క్షణాల్లోనే అసలు విషయాన్ని పట్టుకోవడంలోనే తేడా ఉందనీ చూపాడు. 1973లో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్‌లు ఈ పరిశోధనను ముందుకు తీసుకుపోయారు. నిజమైన ఆటలోని స్థితిని అయిదు సెకన్లు చూపి మూసేస్తే, సుమారు రెండు డజన్ల పావుల్లో మాస్టరు పదహారింటిని వాటి వాటి గళ్లలో తిరిగి పేర్చగా, కొత్తవాడు నాలుగింటితో ఆగిపోయాడు. అవే పావులను అడ్డదిడ్డంగా పేర్చి చూపినప్పుడు మాస్టరు ఆధిక్యం దాదాపు మాయమైంది. అంటే అతడు గుర్తుంచుకునేది విడి పావులను కాదు, ఏళ్ల తరబడి చూసిన అమరికలను. అలాంటివి సుమారు 50 వేలు మాస్టరు జ్ఞాపకంలో ఉంటాయని ఆ పరిశోధకుల అంచనా. వీరిద్దరూ పనిచేసినదీ, ఇరవై ఏళ్లు తిరగకుండానే స్లీటర్ చదరంగపు సర్వరును పోషించినదీ ఒకే విశ్వవిద్యాలయం కావడం చరిత్రలోని చక్కని యాదృచ్ఛికం.

అంతర్జాలపు ఆటగాడి బలమూ లోపమూ రెండూ ఈ జ్ఞాపకం నుంచే పుడతాయి. రోజుకు పదుల ఆటలు ఆడేవాడికి అమరికలు త్వరగా పోగుపడతాయి, చెయ్యి అలవాటుపడుతుంది, ప్రత్యర్థి వంతులోనే తన తరువాతి ఎత్తును ముందుగా నమోదు చేసిపెట్టే ప్రీమూవ్ వంటి మెలకువలు అబ్బుతాయి, చెడిన స్థితిలోనూ ఎదుటివాడిని సమయపు ఇరుకులోకి నెట్టే ఓర్పు వస్తుంది. అయితే అలవాటైన అమరిక కనిపించగానే చెయ్యి కదిలిపోవడం కూడా అక్కడే అలవడుతుంది. ఈ ఒక్కసారికి ఆ అమరిక వర్తించదని గుర్తించడానికి కావలసిన ఇరవై నిమిషాల నిదానం అలాంటి సాధనలో ఏర్పడదు.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ 1987లో జపాన్‌లో పుట్టి అమెరికాలో పెరిగిన హికారు నాకామురా. పదిహేనేళ్ల వయసులో గ్రాండ్‌మాస్టరై, ఇంటర్నెట్ చెస్ క్లబ్బులో స్మాల్‌విల్ అనే మారుపేరుతో అసంఖ్యాకంగా ఆడి, 2009లో బ్రూస్ హార్పర్‌తో కలిసి బుల్లెట్ చదరంగం మీద ఒక పుస్తకమే వెలువరించాడు. 2005లో భారత గ్రాండ్‌మాస్టర్ కృష్ణన్ శశికిరణ్‌పై నిదానపు ఆటలో, రెండో ఎత్తుకే మంత్రిని బల్ల అంచుదాకా నడిపాడు. నేర్చుకునే పిల్లలను వేయవద్దని వారించే ఎత్తు అది. వేగపు ఆటలో తడబాటు పుట్టించగల ఆ ఎత్తు, తాపీగా ఆలోచించుకునే వ్యవధి ఉన్న శశికిరణ్‌ను తడబెట్టలేకపోయింది, ఆట శశికిరణ్‌దే అయింది. అప్పటి ప్రపంచ చాంపియన్ మాగ్నస్ కార్ల్‌సన్‌తో తలపడినప్పుడు ఈ తేడా మరింత స్పష్టపడింది. 2014లో జూరిక్‌లో నాకామురా రాజు మీద గొప్ప దాడి నడిపి, గెలుపు చేతికందిన స్థితిలో తొందరపడి సరైన ఎత్తును వదిలేసి ఓడిపోయాడు. క్లాసికల్ ఆటలో, అంటే గంటల వ్యవధి ఉన్న ఆటలో, పన్నెండు ఓటముల తరువాత 2016లో బిల్బావోలో గాని కార్ల్‌సన్‌పై ఆయనకు తొలి గెలుపు దక్కలేదు.

ఇలాంటి లోపాన్ని దిద్దుకునే పద్ధతి అంతర్జాలానికి చాలా ముందే సోవియట్ చదరంగంలో స్థిరపడింది. ప్రపంచ చాంపియన్ మిఖాయిల్ బోట్విన్నిక్ తన ఆటలను తానే నిర్దాక్షిణ్యంగా విశ్లేషించి, ఇతరులు తప్పు పట్టడానికి వీలుగా ఆ విశ్లేషణను అచ్చులో పెట్టాలని బోధించాడు. పొగాకు పొగ తనను బాధిస్తుందని గ్రహించి, సాధన ఆటల్లో తోటి ఆటగాడు వ్యాచెస్లావ్ రగోజిన్ చేత కావాలనే పొగ తాగించుకుంటూ దానికి అలవాటుపడ్డాడు. 1960లో తాల్ చేతిలో 12½–8½ తేడాతో ప్రపంచ కిరీటం పోగొట్టుకున్న ఆయన, ఓడిన ఆటలన్నీ తిరగేసి, తాల్‌కు ఇష్టమైన చిక్కుముడి స్థితులను తప్పించే మార్గాలు సిద్ధం చేసుకుని, 1961లో యాభయ్యో పడిలో అడుగుపెట్టబోతూ 13–8తో దాన్ని తిరిగి తెచ్చుకున్నాడు. ఆట ముగియగానే గెలిచినవాడు, ఓడినవాడు అదే బల్ల దగ్గర కూర్చుని ఏ ఎత్తు దగ్గర ఏమనుకున్నారో ఒకరికొకరు చెప్పుకునే ఆచారం కూడా ఇదే కోవకు చెందుతుంది. అంతర్జాలం వల్ల కలిగిన నిజమైన నష్టం ఏదైనా ఉంటే అది ఈ ఆచారం పోవడమే. మారుపేరు వెనకనున్న ప్రత్యర్థి ఆట అయిన మరుక్షణం మరొకరితో ఆటలో ఉంటాడు. మిగిలేది కంప్యూటరు ఇంజను ఇచ్చే తీర్పు ఒక్కటే. ఇంజను ఏ ఎత్తు తప్పో చెబుతుంది గాని, ఆ క్షణంలో మనిషి ఎందుకలా అనుకున్నాడో చెప్పలేదు. ఆ కారణం తెలియనిదే అదే తప్పు మరో రూపంలో మళ్లీ వస్తుంది.

ఆటగాళ్ల బలాన్ని కొలిచే కొలమానం సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే 1970లో స్వీకరించిన ఆర్పాడ్ ఎలో పద్ధతి గెలుపోటములను ఒక అంకెగా మారుస్తుంది. 1995లో మార్క్ గ్లిక్‌మన్ రూపొందించిన గ్లికో పద్ధతి ఆ అంకెను ఎంతవరకు నమ్మవచ్చో కూడా లెక్కిస్తుంది. ఫ్రీ ఇంటర్నెట్ చెస్ సర్వర్ దీన్నే ఎంచుకుంది, లీచెస్ దాని తరువాతి రూపాన్ని వాడుతుంది. ఒక వేదిక మీది అంకెను మరో వేదిక అంకెతో గాని, ఫిడే రేటింగుతో గాని పోల్చడం సరికాదు.

లోపాన్ని దిద్దుకోవడానికి కూడా నాకామురాయే ఉదాహరణ. ఆయన 2018 నుంచి 2022 దాకా అయిదేళ్లు వరుసగా స్పీడ్ చెస్ చాంపియన్‌షిప్ గెలిచి, 2020 ఆగస్టులో ఆన్‌లైన్ టూర్ ఫైనల్లో కార్ల్‌సన్‌ను ఏడో రోజు దాకా నిలువరించాడు. సుమారు రెండేళ్ల విరామం తరువాత 2022లో బెర్లిన్‌లో క్లాసికల్ ఆటకు తిరిగివచ్చి, గ్రాండ్ ప్రీ గెలిచి, మాడ్రిడ్‌లో క్యాండిడేట్స్ టోర్నమెంటుకు, అంటే ప్రపంచ చాంపియన్‌ను సవాలు చేసేవాడిని తేల్చే పోటీకి, అర్హత పొందాడు. అక్కడ చివరి రౌండులో చైనా ఆటగాడు డింగ్ లిరెన్‌తో డ్రా చేసుకుంటే రెండో స్థానం ఖాయమయ్యేది, కానీ ఆ ఆట పోయింది. మరుసటి ఏడాది నార్వే చెస్ గెలవడాన్ని బట్టి చూస్తే, ముప్పై అయిదేళ్ల వయసులో కూడా ఆయన నిదానపు ఆట బలపడిందనే చెప్పాలి.

తెలుగువారికి ఈ చరిత్రలో స్వయంగా భాగముంది. 2020లో కరోనా వల్ల అంతర్జాలంలో జరిపిన ఒలింపియాడ్‌లో పోలండ్‌తో సెమీఫైనల్ సమానంగా ముగిసినప్పుడు, గుడివాడలో పుట్టిన కోనేరు హంపి ఆర్మగెడాన్ ఆటలో, అంటే తెల్లపావుల వారికి సమయం ఎక్కువిచ్చి డ్రా అయితే నల్లపావుల వారినే విజేతగా ప్రకటించే ఆటలో, నల్లపావులతో మోనికా సోచ్కోను ఓడించి భారత జట్టును ఫైనల్‌కు చేర్చింది. రష్యాతో జరిగిన ఆ ఫైనల్లో కనెక్షను తెగి నిహాల్ సరీన్, దివ్య దేశ్‌ముఖ్‌లు సమయం కోల్పోగా, ఫిడే రెండు దేశాలనూ విజేతలుగా ప్రకటించింది. 1992 నాటి సమస్య అంత పెద్ద వేదిక మీద మళ్లీ తలెత్తిందన్నమాట. వరంగల్‌కు చెందిన అర్జున్ ఎరిగైసి 2022 సెప్టెంబరులో ఆన్‌లైన్ జూలియస్ బేర్ జనరేషన్ కప్ ఫైనల్ దాకా వెళ్లి కార్ల్‌సన్ చేతిలో ఓడి, మరుసటి నెలలోనే ఆన్‌లైన్‌లో మరో టోర్నమెంటులో ఆయనపై తొలి గెలుపు సాధించాడు. అయితే అతడి స్థాయిని ప్రపంచానికి చాటినవి ఎదురెదురుగా కూర్చుని గంటల తరబడి ఆడిన ఆటలే: 2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో మూడో బల్ల మీద 11 ఆటల్లో 10 పాయింట్లు సాధించి, ఆ డిసెంబరు ఫిడే జాబితాలో 2801 రేటింగుతో, విశ్వనాథన్ ఆనంద్ తరువాత 2800 దాటిన రెండో భారతీయుడయ్యాడు.