సముద్రమునకు ఆవలి చదువు

పెండ్లియైన పిల్ల, తన భర్త ఉద్యోగము చేయుచున్న దేశమునకే పోయి అచ్చటి విశ్వవిద్యాలయములో చేరెదనని చెప్పినప్పుడు మన యిండ్లలో ఒక ప్రశ్న తప్పక పుట్టును. “అమ్మాయి పోవునది చదువుకొరకా, మగనికొరకా?” అని పెద్దలు అడుగుదురు. పెండ్లి ఇంకను కాక, మనసిచ్చినవాడు మాత్రమే ఆవలి దేశమున నున్నచో ఆ ప్రశ్న అంత నెమ్మదిగా రాదు. రెండింటికొరకు నని పిల్ల బదులు చెప్పినయెడల చుట్టములు నవ్వుదురు. చదువు వట్టి నెపమని తేల్చివేయుదురు. మామగారి సొమ్ముతో సీమకు పోయి చదివిన అల్లుండ్రు మన దేశమున తరతరములుగా నున్నారు. వారి చదువు పెండ్లికొరకా, పెండ్లి చదువుకొరకా యని యడిగినవారు మాత్రము అరుదు.

ఈ ప్రశ్న నిన్న మొన్నటిది కాదు. దీనికొక చరిత్ర కలదు. ఆ చరిత్రలో మంచిభాగము మన హైదరాబాదులో స్థిరపడిన ఒక్క బెంగాలీ కుటుంబముననే దొరకుచున్నది. ఆ యింటి అత్తగారు సముద్రము దాటలేదు, కూతురు దాటింపబడెను, కోడలు తానై దాటెను.

అత్తగారి పేరు వరదసుందరీదేవి. ఆమె భర్త అఘోరనాథ చట్టోపాధ్యాయుడు తూర్పు బెంగాలులోని విక్రమపుర ప్రాంతమువాడు; ఎడింబరో విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రము చదివి, భారతీయులలో మొట్టమొదట శాస్త్రాచార్య పట్టము పొందినవాడు. పెండ్లియైన వెనుక ఆయన ఓడ యెక్కగా భార్య కలకత్తాలోనే నిలిచిపోయెను. అయితే ఆమె పుట్టినింట కూర్చుండి రోజులు లెక్కపెట్టలేదు. కేశవచంద్రసేనుడు స్థాపించిన భారతాశ్రమమున నుండి చదువుకొనెను. బ్రాహ్మసమాజమువారు ఆ రోజులలో స్త్రీలకు కల్పించిన సౌకర్యములలో అది పెద్దది. వరదసుందరి వయసులో నున్నప్పుడు బెంగాలీ గేయములు వ్రాసెననియు తెలియుచున్నది. 1869లో సూయజు కాలువ తెరవబడిన పిదప సీమ ప్రయాణము మూడు వారముల పనియైనను, ఆ దారి భార్యలకు తెరవబడలేదు. 1877లో సత్యేంద్రనాథ ఠాకూరు భార్య జ్ఞానదానందినీదేవి భర్త ముందు నడువకుండగనే పిల్లలను వెంటబెట్టుకొని ఇంగ్లండు చేరుట బెంగాలున పెద్ద వింతగా చెప్పుకొనబడెను.

ఈ ఎడబాటు మన తెలుగువారికి తెలియనిది కాదు. కోస్తా జిల్లాలనుండి రంగమునకు పోయినవారి యిండ్లలో భార్యలు ఉత్తరమునకును, మనియార్డరునకును ఎదురుచూచి ముసలివారైరి. చదువుకొని వారిని కలిసికొనవచ్చునను తలంపు ఆ భార్యలకు కలుగుటకు గాని, కలిగింపబడుటకు గాని తావే లేకుండెను. వరదసుందరికి ఎడబాటు తప్పలేదు గాని, ఎడబాటులో చదువు దొరకెను. అంతవరకు ఆమె అదృష్టవంతురాలు.

అఘోరనాథుడు తిరిగివచ్చి 1878లో హైదరాబాదు చేరి, తరువాత నిజాము కళాశాలగా పెరిగిన విద్యాలయమును నడపెను. 1879 ఫిబ్రవరి 13వ తేదీన పెద్దకూతురు సరోజిని పుట్టెను. ఆమె పండ్రెండవయేట మదరాసు విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షలో నెగ్గిన వార్త దేశమంతట ప్రాకెను. కొలది యేండ్లకే ముత్యాల గోవిందరాజులు నాయుడుగారిపై ఆమెకు మనసు కలిగెను. ఆయన తెలుగువాడు, ఎడింబరోలో వైద్యము చదివినవాడు, బ్రాహ్మణేతరుడు. పిల్ల యింటివారును, పిల్లవాని యింటివారును కూడ ఒప్పుకొనలేదు. కులభేదములు కూడదని బోధించిన అఘోరనాథుని యింటనే యిట్లు జరుగుట చూచి మనము నవ్వనక్కరలేదు. బోధించుట వేరు, పదునాఱేండ్ల కూతును ఈయవలసి వచ్చుట వేరు. వయసును, ఆరోగ్యమును చూచి తండ్రి వెనుదీసియుండవచ్చును గూడ.

ఏమైనను 1895లో నిజాము ఇచ్చిన ప్రత్యేక విద్యార్థివేతనముతో సరోజినిని ఇంగ్లండు పంపిరి. ఆమె ఇష్టమునకు విరుద్ధముగ పంపిరని, తరువాత ఆమె పద్యసంపుటమునకు పీఠిక వ్రాసిన ఆర్థరు సైమన్సు స్పష్టముగ చెప్పియున్నాడు. ఇచ్చట చదువు మందువలె వాడబడెను: దూరమును, పుస్తకములును కలిపి ఇచ్చినచో ప్రేమజ్వరము తగ్గునని పెద్దలు తలంచిరి. లండనులోని కింగ్సు కళాశాలయందు కొంతకాలము, కేంబ్రిడ్జిలోని గిర్టను కళాశాలయందు కొంతకాలము ఆమె చదివెను. ఎడ్మండు గాసు వంటి విమర్శకుల పరిచయము కలిగి, కవిత్వమునకు మెఱుగు వచ్చెను. గోవిందరాజులుగారికి ఆమె లండనునుండి వ్రాసిన ఉత్తరములు కొన్ని మన కాలమున అచ్చుపడినవి కూడ. మందు పని చేయలేదని దానివలననే తెలియుచున్నది.

ఆరోగ్యము చెడి, పట్టము లేకయే ఆమె 1898 సెప్టెంబరులో తిరిగివచ్చెను. పట్టము రాలేదని కొందరు ఎత్తిపొడుచుట కద్దు. ఆమె గిర్టనులో పూర్తికాలముండి అన్ని పరీక్షలందును నెగ్గియున్నను కేంబ్రిడ్జివారు ఆమెకు పట్టమిచ్చెడివారు కారు. ఆ విశ్వవిద్యాలయము స్త్రీలకు పూర్తి పట్టములిచ్చుటకు 1948 వరకు ఒప్పుకొనలేదు.

ఆ డిసెంబరులోనే మదరాసులో 1872వ సంవత్సరపు వివాహచట్టము ననుసరించి వారి పెండ్లి జరిగెను. ఆ చట్టమును హైదరాబాదు రాజ్యమునకు తెప్పింపవలెనని పాటుపడినవాడు అఘోరనాథుడే. పెండ్లిని నడిపించినవారు మన కందుకూరి వీరేశలింగము పంతులుగారు. 1881లో రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపించి ఎన్ని నిందలు పడిరో యెఱిగిన ఆ వృద్ధునకు ఈ పెండ్లి కష్టమని తోచియుండదు.

ఇక కోడలి కథ. నేను చెప్పదలచినది ముఖ్యముగ ఇదియే.

కమలాదేవి 1903 ఏప్రిలు 3వ తేదీన మంగుళూరులో సారస్వత బ్రాహ్మణ కుటుంబమున పుట్టెను. తండ్రి పెద్ద ప్రభుత్వోద్యోగి. ఆమెకు ఏడేండ్లున్నప్పుడు ఆయన వీలునామా వ్రాయకయే మరణించెను. ఆనాటి ధర్మశాస్త్రము చొప్పున ఆస్తి యావత్తు మొదటి భార్య కుమారునికి చేరెను. తల్లి గిరిజాబాయికిని, ఆడుపిల్లలకును మిగిలినది నెలకింత భరణము మాత్రమే. గిరిజాబాయి ఆ భరణమును త్రోసివేసి, తన స్త్రీధనముతోనే పిల్లలను పెంచెదనని నిశ్చయించెను. చదువరులు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను. యజమాని కన్నుమూసిన మరునాడు ఇల్లు తనది కాదని ఒక స్త్రీకి తెలియుటయు, ఆ సంగతిని ఏడేండ్ల పిల్ల కండ్లార చూచుటయు చిన్న పాఠము కాదు.

ఆ పిల్లకు బాల్యముననే పెండ్లి చేసిరి. కొలదికాలమునకే ఆమె వితంతువయ్యెను. తల్లి ఆమెను మూలగదిలో కూర్చుండబెట్టక చదువులో పెట్టెను. మదరాసు క్వీను మేరీసు కళాశాలలో ఆమెకు సహాధ్యాయిని సుహాసిని, అనగా సరోజినీదేవి చెల్లెలు. సుహాసిని మూలమున ఆమె అన్న హరీంద్రనాథుని పరిచయము కలిగెను. అతడు కవి, నాటకకర్త, గాయకుడు. ఇద్దఱకును నాటకములన్న ప్రాణము. వితంతువు మరల పెండ్లాడుటయు, అదియు వేఱు ప్రాంతపు వానిని పెండ్లాడుటయు మంగుళూరువారికి సహింపరానిదయ్యెను. 1856 నాటి చట్టము వితంతువివాహమునకు అనుమతినిచ్చి అరువదియేండ్లు దాటినను, చట్టము చదువని చుట్టములు ఎల్లప్పుడును ఉందురు. ఎవరేమన్నను పెండ్లి జరిగెను.

పెండ్లియైన కొలదికాలమునకే హరీంద్రనాథుడు లండనునకు పోయెను. వరదసుందరికి వచ్చిన ఘట్టమే కోడలికిని వచ్చెను. కాని కోడలు చేసిన పని వేఱు. కొన్ని నెలలలోనే ఆమె ఓడయెక్కి భర్తను చేరుకొనెను. చేరుకొని, లండను విశ్వవిద్యాలయమునకు చెందిన బెడ్ఫర్డు కళాశాలలో ప్రవేశించి, సంఘశాస్త్రమున డిప్లొమా సంపాదించెను.

ఆ కళాశాలను గూర్చి రెండు మాటలు చెప్పవలెను. 1849లో ఎలిజబెతు రీడు అను వితంతువు తన సొమ్ముపెట్టి స్త్రీల ఉన్నతవిద్యకై దానిని స్థాపించెను. బ్రిటనులో ఆ విధమైన కళాశాలలలో అదియే మొదటిది. లండను విశ్వవిద్యాలయము 1878లోనే స్త్రీలకు పట్టముల ద్వారము తెరచెను. ఒక వితంతువు కట్టించిన చదువులయింట, వైధవ్యమునుండి బయటపడి వచ్చిన మంగుళూరు పిల్ల కూర్చుండి సంఘముల కట్టుబాట్లెట్లేర్పడునో చదివినదనుట నాకు ముచ్చటగా నున్నది.

ఆమె ఎందుకొరకు పోయెను? భర్తకొరకే పోయెను. దీనిని దాచవలసిన పని లేదు. భర్త మదరాసులోనే యుండినచో ఆమె ఆనాడు బెడ్ఫర్డు గడప త్రొక్కియుండునా యని యడిగిన, త్రొక్కియుండదని చెప్పుటయే న్యాయము. కాని భర్త బసలో కూర్చుండి వంటచేసి, సాయంకాలము అతని మిత్రులకు తేనీరిచ్చి, ఏడాదికి తిరిగివచ్చుటకు ఆమెకు ఎవరి అడ్డును లేకుండెను. ఆమె అట్లు చేయలేదు. ప్రేమ ఆమెను లండను రేవువఱకు తెచ్చెను. అచ్చటినుండి కళాశాలకు నడచినవి ఆమె కాళ్లే.

మన దినములలో ఈ భేదము మఱింత పదునెక్కినది. అమెరికాలో ఉద్యోగము చేయు భర్త వెంట ఆశ్రితురాలుగా పోయిన భార్యకు అచ్చట పని చేసికొనుటకు చాలకాలము అనుమతియే లేకుండెను. 2015లో కొందఱికి మాత్రము కలిగినది. ఆమె అచ్చట నుండుటయు భర్త యుద్యోగమును పట్టి యుండును. ఇంజనీరింగు చదివిన తెలుగుపిల్లలెందరో అట్లు నాలుగు గోడల నడుమ ఏండ్లు గడపిరి. అదే పిల్ల విద్యార్థినిగా పోయినచో, ఆమె కాగితములపై నుండునది ఆమె పేరు, ఆమె కళాశాల పేరు. కాబట్టి మగని దగ్గఱనుండుటకై చదువులో చేరితినని యొక పిల్ల చెప్పినప్పుడు, ఆమె నెపము వెదకినదని నేననుకొనను. గిరిజాబాయి భరణమును త్రోసివేసిన వివేకమే ఆమెకును కలదని యనుకొందును. ఖర్చు మాట వేఱు. అప్పుచేసి పంపు తండ్రుల బాధ నేనెఱుగనిది కాదు. కాని ఆ లెక్క మగపిల్లవానికిని ఒక్కటే.

లండనునందుండగా గాంధీగారి సహాయనిరాకరణోద్యమపు పిలుపు కమలాదేవికి వినవచ్చెను. ఆమె తిరిగివచ్చి సేవాదళమున చేరెను. భార్యాభర్తలు కలిసి నాటకములాడుచు దేశము తిరిగిరి. 1926లో మార్గరెట్టు కజిన్సు ప్రోత్సహింపగా మదరాసు శాసనసభకు పోటీచేసి స్వల్పమైన తేడాతో ఓడిపోయెను. మరుసటియేడు పుట్టిన అఖిల భారత మహిళాసభకు కార్యదర్శినియై ఊరూర సంఘములు పెట్టించెను. 1930లో ఉప్పుసత్యాగ్రహమునకు స్త్రీలను కూడ పిలువవలెనని గాంధీగారితో వాదించి నెగ్గినవారిలో ఆమె ముఖ్యురాలు.

ఆ నడుమ దాంపత్యము చెదరెను. ఎవరి తప్పెంతయో తూచుట మన పని కాదు. ఒక కొడుకు పుట్టిన పిదప వారు చట్టప్రకారము విడిపోయిరి. ఏ మనుష్యునికొరకు ఆమె సముద్రము దాటెనో ఆ మనుష్యునితో బంధము తెగెను. బెడ్ఫర్డులో చదివిన చదువులో ఒక్క అక్షరమును ఏ న్యాయస్థానము విడదీయలేదు.

1952లో జరిగిన మొదటి లోకసభ ఎన్నికలలో విజయవాడవారు హరీంద్రనాథుని గెలిపించి ఢిల్లీకి పంపిరి. ఆ సంవత్సరమే ఏర్పడిన అఖిల భారత హస్తకళల మండలికి కమలాదేవి అధ్యక్షురాలయ్యెను. శ్రీకాళహస్తిలో కలముపట్టి బట్టలపై రామాయణము గీయువారు వ్రేళ్లమీద లెక్కింపదగినంతమంది మిగిలియున్న కాలమది. ఆ కళను నిలుపుటకు ఆమె పూనుకొనగా, ముసలి పనివారి చెంత పిల్లలు కూర్చుండి కరక్కాయ నీళ్లలో బట్ట నానవేయుట మొదలుకొని నేర్చుకొనిరి.