కొండ కిందే ఆగండి

రాత్రి ఎనిమిదిన్నర. మీరు హౌరాలో దిగుతున్నారు. సికింద్రాబాద్‌లో ఎక్కిన ఫలక్‌నుమా సాయంత్రమే రావాల్సింది, ఇప్పటికి చేరింది. ఆశ్వయుజ శుద్ధ పంచమి. తెల్లారితే బెంగాల్లో దుర్గాపూజ సందడి. ప్లాట్‌ఫారం మీద మీరు నడవక్కర్లేదు, వెనకవాళ్ళ బ్యాగులే తోసుకుపోతున్నాయి. పూజకి సొంతూరు పోయేవాళ్ళు, పూజ చూడ్డానికి నగరానికి వచ్చేవాళ్ళు, నెత్తిన సూట్‌కేసుల దొంతరతో ఎర్రచొక్కా కూలీలు. ఎవరి మోచేయో డొక్కలో దిగింది. తిరిగి చూసే తీరిక లేదు.

జేబులో ఇంకో టికెట్ ఉంది. డార్జిలింగ్ మెయిల్. పది దాటగానే బయల్దేరుతుంది. ఇక్కణ్ణించి కాదు, సియాల్దా నుంచి. సియాల్దా హుగ్లీకి అవతలి ఒడ్డున, కలకత్తా లోపల ఉంది.

బయటికొస్తే ఎదురుగా హౌరా వంతెన. దీపాలతో ఆకాశం సగం అదే. 1943లో తెరిచారు. నది మధ్యలో ఒక్క స్తంభం లేదు, నట్టూ బోల్టూ లేవు, ఉక్కునంతా రివెట్లతోనే కుట్టారు. చూడ్డానికి బ్రహ్మాండం. దాటడం సంగతి వేరు. బస్సులు నిలబడిపోయాయి. పసుపు టాక్సీలో డ్రైవరు ఇంజను ఆపేసి కాళ్ళు బయటికి చాపి కూర్చున్నాడు. ఏం చేస్తారు?

ఖరగ్‌పూర్‌లో దిగిపోయిన పెద్దావిడ మాట గుర్తొస్తుంది. అక్కడి రైల్వే కాలనీల్లో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాల్లో ఒకరు. “బ్రిడ్జి జోలికి పోకండి, పూజ టైము. మెట్రో ఎక్కేయండి” అంది.

ఎస్కలేటర్ దిగుతుంది, దిగుతుంది, ఇంకా దిగుతూనే ఉంటుంది. ముప్పై మీటర్ల లోతు. రైలు కదిలిన కాసేపటికి కిటికీ బయట వరసగా నీలం దీపాలు. పక్కనున్న పిల్లాడు వేలితో పైకి చూపిస్తాడు. అవును, ఇప్పుడు మీ నెత్తి మీద హుగ్లీ పారుతోంది. ముప్పావు నిమిషం. నది అయిపోయింది. ఈ దారిని 2024 మార్చిలో ఎస్‌ప్లనేడ్ దాకా తెరిచారు, 2025 ఆగస్టులో సియాల్దాతో కలిపారు. అంతకుముందు ఇలాంటి రాత్రి వచ్చి ఉంటే మీకు రైలు దొరికేది కాదు.

సియాల్దా బయట చెవులు గింగుర్లెత్తుతాయి. పల్లెల నుంచి వచ్చిన ఢాక్ వాద్యకారులు బారులు తీరి వాయిస్తున్నారు. భుజాన పెద్ద డోలు, దానికి తెల్లటి ఈకల కుచ్చు, పక్కన కంచుగంట కొడుతూ కొడుకు. పూజ కమిటీవాళ్ళు వచ్చి, విని, బేరమాడి తీసుకుపోతారు. పంచమి రాత్రికి కూడా బేరం కుదరనివాళ్ళు ఇంకా గట్టిగా వాయిస్తున్నారు. మీరు పరుగెత్తండి. రైలు ప్లాట్‌ఫారం మీదే ఉంది.

పై బెర్తులో మెలకువ వచ్చేసరికి కిటికీలన్నీ తెల్లబడ్డాయి. రాత్రి నిద్రలోనే ఫరక్కా దగ్గర గంగను దాటేశారు. కిషన్‌గంజ్ వెళ్ళిపోయింది. బెర్తు దిగి, ఎడమవైపు తలుపు అద్దం దగ్గర నిలబడండి. ఇంకా కోతకు రాని వరిచేలు, ఆరబెట్టిన జనపకట్టెల గుడారాలు, గట్లన్నిటా రెల్లుపూలు. మైదానంలోనే తేయాకు తోటలు. ఇంతేనా అనుకుంటారు. చూపు ఇంకాస్త పైకి జరపండి.

అక్కడ ఉంది.

చెయ్యి చాపి చూస్తే వేలి మందం తెల్లటి గీత. దాని కింద కొండలు లేవు, లేత నీలం మసక మాత్రమే. నేల మీద ఆధారం లేకుండా మంచు ఒక్కటే గాల్లో నిలబడింది. కాంచన్‌జంగ, 8,586 మీటర్లు, ప్రపంచంలో మూడో ఎత్తైన శిఖరం. ఇక్కడికి నూట అరవై కిలోమీటర్ల పైమాటే. అంత దూరం నుంచి ఎలా కనిపిస్తోంది? వానాకాలం ఇప్పుడే వెనక్కి పోయింది. గాల్లో దుమ్ము నాలుగు నెలల వానకి కడుక్కుపోయింది. ఉత్తరపు పొడిగాలి మొదలైంది. ఇంకో రెండు నెలలు ఆగితే ఇక్కడ పొగమంచు, వేసవికి దుమ్ము మసక. ఈ కిటికీ శరత్కాలంలోనే తెరుచుకుంటుంది. బోగీలో సగంమంది నిద్రపోతున్నారు. వాళ్ళని లేపాలో వద్దో మీ ఇష్టం. నేనైతే లేపుతాను.

న్యూ జల్‌పాయీగుడి. దిగిన మరుక్షణం అరుపులు. “గాంగ్‌టోక్! గాంగ్‌టోక్!” “దార్జిలింగ్, దో సీట్!” మీ బ్యాగు అప్పటికే ఎవరి చేతిలోనో ఉంది. ఇది సిలిగురి నగరపు రైల్వే స్టేషన్. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఈ ఊరిని చూడరు. జీపు ఎక్కేస్తారు, కొండెక్కేస్తారు. మీరూ ఎక్కేస్తున్నారు. ఎండ ఫెళ్ళున కాస్తోంది, ఆకాశంలో మబ్బుతునక లేదు, గాంగ్‌టోక్ ఇక్కడికి సుమారు 120 కిలోమీటర్లే. ఎందుకు ఆగాలి?

పదిమంది కూర్చునే జీపులో మీది వెనక సీటు. సాలుగారా దాటారు. రెండు వైపులా నిటారుగా సాలవృక్షాలు, మహానంద అభయారణ్యం. సేవోక్ రాగానే చెట్లు తప్పుకుంటాయి, కుడిపక్కన లోయలో తీస్తా నది. వంపు తిరగ్గానే కారొనేషన్ వంతెన. 1941లో పూర్తయింది. నీటి వడికి మధ్యలో స్తంభం నిలవదని ఒకే కమాను మీద కట్టారు. కోతులు జీపు మీదికి దూకుతున్నాయి. డ్రైవరు వంతెన ఎక్కడు, నదిని పట్టుకుని నేరుగా పోతాడు. పదో నంబరు జాతీయ రహదారి. ఎడమవైపు కొండగోడ, కుడివైపు తీస్తా. మధ్యలో మీరు.

నదిని చూడండి. నీళ్ళకంటే బూడిదరంగు మేటలే ఎక్కువ. అవి ఎక్కణ్ణించి వచ్చాయి? 2023 అక్టోబర్ 3–4 మధ్య రాత్రి సిక్కిం పైన దక్షిణ లోనాక్ హిమసరస్సు గట్టు తెగింది. చుంగ్‌థాంగ్ దగ్గర ఆనకట్టనే కొట్టుకుని వచ్చింది ఆ నీరు. ఆ ఇసుకా రాళ్ళూ ఈ నది అడుగును పైకి లేపేశాయి. 1968లోనూ అక్టోబర్ 4నే తీస్తా జల్‌పాయీగుడి పట్టణాన్ని ముంచింది. 2025లో అక్టోబర్ 4 రాత్రి కురిసిన వానకి మిరిక్ కొండల్లో చరియలు ఇళ్ళ మీద పడ్డాయి, దూధియా దగ్గర ఇనుప వంతెన విరిగిపోయింది. పంచాంగంలో శరత్తు వచ్చేసినా బంగాళాఖాతంలో వాయుగుండాలకి ఆ సంగతి తెలియదు.

జీపు నెమ్మదిస్తుంది. ముందు వాహనాలు ఆగి ఉన్నాయి. డ్రైవరు కుర్రాడు, నేపాలీ. అద్దం దించి తల బయటపెట్టాడు. పైకి చూస్తున్నాడు. రోడ్డుకేసి కాదు, కొండకేసి.

టప్.

చిన్న రాయి. గోలీ అంత. బానెట్ మీద పడి దొర్లింది. ఎవరో నవ్వారు. డ్రైవరు నవ్వలేదు.

“ఎండగా ఉంది కదా, రాళ్ళెందుకు?” అని అడుగుతారు మీరు. “వాన పైన లేదు దాదా, లోపల ఉంది” అంటాడు. నాలుగు నెలలు తాగిన నీళ్ళు ఇంకా కొండ కడుపులోనే ఉన్నాయి. పైన ఎండకి మట్టి బిగుసుకుంటుంది. లోపల జారుతుంది.

ఇంకోటి. కొబ్బరికాయంత.

ముందున్న లారీ కదిలింది. దాని వెనక కారు. సందు దొరికింది. డ్రైవరు కదలడు. పక్క సీటాయన విసుక్కుంటున్నాడు: “పోనివ్వవయ్యా, హోటల్ బుక్ అయింది.” కుర్రాడు వెనక్కి తిరిగి అందర్నీ చూశాడు. చివరికి మిమ్మల్ని చూశాడు. పోదామా? తిరుగుదామా?

కొండ మీద దుమ్ము లేచింది. సన్నగా. ఒక చెట్టు కదిలింది. గాలి లేదు.

“తిప్పు” అంటారు మీరు.

రివర్స్ గేరు. వెనక హారన్లు. కుడి చక్రం అంచు మీద. కింద తీస్తా. ఊపిరి బిగబట్టారు. తిరిగింది. పది గజాలు. యాభై. వెనక పెద్ద చప్పుడు. ఎవరూ తల తిప్పలేదు.

సేవోక్ కాళీ గుడి మెట్ల దగ్గర ఆపి టీ తాగుతున్నప్పుడు కబురొచ్చింది. రోడ్డు మూసుకుంది. బండ్లకేమీ కాలేదు. రేపటికి తెరుస్తారేమో. హోటల్ బుక్ చేసుకున్నాయన ఫోను పట్టుకుని ఎవరినో తిడుతున్నాడు. మీరు సిలిగురికి తిరిగి వస్తున్నారు. చూడకుండా దాటేసిన ఊరికి.

హిల్ కార్ట్ రోడ్డు వెనక సందులో నాలుగో అంతస్తు గది. ఒక్కటే షరతు పెట్టండి: కిటికీ ఉత్తరానికి ఉండాలి. సాయంత్రం బిధాన్ మార్కెట్‌లో తిరగండి. ఈ బజారులో నలుగురిని పలకరిస్తే నాలుగు భాషలు వినిపిస్తాయి: బెంగాలీ, నేపాలీ, హిందీ, టిబెటన్. భూటాన్, నేపాల్, బంగ్లాదేశ్ మూడు సరిహద్దులూ దగ్గరే. దేశానికీ ఈశాన్యానికీ మధ్య, సన్నని చోట ఇరవై కిలోమీటర్ల చిల్లర వెడల్పుండే నేల మీద ఈ ఊరుంది. ఆవిరి మోమోలు తినండి, ఎర్ర కారం జాగ్రత్త, మన గుంటూరుకు అలవాటు పడ్డ నాలుకనీ ఆ డల్లె మిరపకాయ ఒకసారి ఆగి ఆలోచింపజేస్తుంది. పందిళ్ళలో అమ్మవారి ముసుగు తీస్తున్నారు. కలకత్తాలో గంటలకొద్దీ క్యూ. ఇక్కడ పిల్లలు కుర్చీ తెచ్చి కూర్చోబెడతారు.

మర్నాడు అయిదు గంటలకి అలారం. మేడ మీద చలి, సన్నగా. ఇంటివాళ్ళ పారిజాతం చెట్టు కింద నేల నిండా పూలు. ఉత్తరంగా చూడండి. ఇంకా చీకటే. అయిదుంపావు. ఊరి దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, పైన ఎక్కడో ఇస్త్రీపెట్టెలో బొగ్గు రాజుకున్నట్టు ఒక ఎర్రటి చుక్క. అది పాకుతోంది. శిఖరం నుంచి కిందికి, పక్క శిఖరానికి. గులాబీ, పసుపు, తెలుపు. ఇక్కడికి నూటపది కిలోమీటర్లు, అయినా గండ్లు లెక్కపెట్టొచ్చు. 1955 మే 25న జో బ్రౌన్, జార్జ్ బ్యాండ్ మొదటిసారి ఎక్కింది దాన్నే. ఎక్కి, కొస మీద కాలు పెట్టకుండా కొన్ని అడుగుల కిందే ఆగిపోయారు. ఆ కొస సిక్కిం ప్రజలకి దేవుడు, తొక్కబోమని మాటిచ్చారు.

పక్క మేడ మీద పళ్ళు తోముకుంటున్నాయన మిమ్మల్ని చూసి తలూపుతాడు. తొమ్మిది గంటలకల్లా కొండ మాయమవుతుంది. లోయల్లోంచి మబ్బు లేచి కప్పేస్తుంది.

మిగిలిన పగలు ఏం చేస్తారు? సుక్నా దాకా పోండి. రెండడుగుల వెడల్పు పట్టాలు అడవిలోకి దూరేది అక్కడే. 1881 నుంచి నడుస్తున్న డార్జిలింగ్ బొమ్మరైలు, 1999లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. సాయంత్రం పడితే అడవిదారిలో నిలబడొద్దు. వరి పాలు పోసుకునే రోజులు, ఏనుగులు చేలలోకి దిగుతాయి. పడమటగా పాతిక కిలోమీటర్లు పోతే నక్సల్బరీ. తెలుగువాళ్ళకి ఆ పేరు పరిచయం చెయ్యక్కర్లేదు. ఇప్పుడక్కడ రాత్రిళ్ళు మేలుకుని చేలు కాసేది ఏనుగుల భయంతోనే. తూర్పుకి పోతే గజల్‌డోబా, తీస్తా బ్యారేజీ. నవంబర్‌కి వలస బాతులు దిగుతాయి, తెల్లవారుజామున పడవవాడు మీతో మాట్లాడకుండా తెడ్డేస్తాడు, నీళ్ళలో కొండ తలకిందులుగా ఉంటుంది. ఒడ్డు మీద బొరోలీ చేపల పులుసు. ముళ్ళు సన్నవి, తొందరపడకండి.

రోడ్డు తెరిచాక పైకి వెళ్తారా? వెళ్ళండి, తప్పేం లేదు. కానీ డార్జిలింగ్‌లో గది దొరక్క, గాంగ్‌టోక్ దారి మూసుకుని, మూడు రోజులు జీపులోనే గడిపి తిరిగొచ్చేవాళ్ళని చూశాక నా తీర్పు ఒకటే: శరత్కాలంలో సిలిగురిని మజిలీగా చూడటం దండగ. కొండ చూడ్డానికి కొండెక్కనక్కర్లేని ఊరు అది.

వెళ్ళేవాళ్ళకి ఒక మాట. అక్టోబర్ మొదటి వారం వద్దు. కాళీపూజ, అంటే మన దీపావళి, ఎప్పుడో క్యాలెండర్లో చూసుకుని, బాణసంచా పొగ విడిపోయేలా దానికి వారం తర్వాత పెట్టుకోండి. రైల్వే రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. హౌరా టికెట్టూ, సియాల్దా టికెట్టూ దేనికది తెరిచిన రోజే తీసుకోండి. రెంటి మధ్యా కనీసం అయిదు గంటలు ఉంచుకోండి.